దొడ్డమ్మ మింగేదాకా ఆగేవాళ్లం

పోయిన ఆదివారం పొద్దున్నే గుణుపురం నుంచి అమ్మ ఫోన్ చేసింది. "దొడ్డ నిద్దట్లోనే ఎల్లిపోనాదమ్మి" అంది.

దొడ్డమ్మ అమ్మకు అక్క. మాది పక్కిల్లే. మా ఇంట్లో మొదట బడికెళ్లింది నేను. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది ఆవిడ. నా ఏడుపు ఆగేదాకా బడి అరుగు మీదే కూర్చుని, దారిన పోయేవాళ్లందరితో కబుర్లు చెప్పేది. నోట్లో ముద్ద ఉన్నా ఆవిడ మాట ఆగేది కాదు.

కిందటేడు నేనింకా ఊళ్లో ఉన్నప్పుడే, కోతల్లో గడ్డివాము మీంచి జారిపడి మెడ ఎముక విరిగింది. విశాఖలో గొంతు పక్కన కోసి ఆపరేషన్ చేశారు. కాళ్లూ చేతులూ బాగానే ఆడాయి. మెడపట్టీ తీసేశాక ఇంటికొచ్చి, ఎప్పటిలాగే చెంబెత్తి గొంతులో నీళ్లు పోసుకుంది. పొలమారింది.

"ఎవులో తలుసుకుంటన్నారు" అని అమ్మ నెత్తిన తట్టింది.

"తెరుబలి ఊరి వియ్యపురాలు గావాల. తిడతా ఉంటాది!" అంది దొడ్డమ్మ.

రోజూ పొలమారేది. రోజూ ఒక చుట్టాన్ని తలుచుకుని నవ్వేవాళ్లం. జ్వరం, ఆయాసం వచ్చాక గానీ రాయగడ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. అక్కడి డాక్టరమ్మ ఒడియాలో చెప్పింది, నేను దొడ్డమ్మకు తెలుగులో చెప్పాను. ఆపరేషన్ తర్వాత మింగే బలం తగ్గిందట. పల్చటి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారుతున్నాయట. చిక్కటివి కొద్దికొద్దిగా, గడ్డం దించి మింగాలి, మింగేటప్పుడు మాట్లాడకూడదు. అలా కుదరకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి.

"గొట్టంలో పోస్తే పొట్ట నిండతాది. నాను తిన్నట్టేటమ్మి?" అంది.

చోడి (రాగి) అంబలి చిక్కగా కాచి చెంచాతో ఇచ్చేదాన్ని. దగ్గు వస్తుందని సిగ్గుపడి గోడవైపు తిరిగి తినేది. అది చూడలేక, "నువ్వు రాకపోతే మేమూ తినం" అన్నాను.

"సదూకున్నది నన్ను బెదిరించడానికేటే?" అంటూనే వచ్చి మా మధ్య కూర్చుంది.

గొట్టం అవసరం రాలేదు. మెల్లగా మెత్తటి అన్నం, పప్పు కూడా తినగలిగింది. కబుర్లు మానలేదు గానీ మధ్యలో ఆగడం నేర్చుకుంది. ఏ పెళ్లిలో గొడవో సగం చెప్పి, ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసి గడ్డం దించేది. ఆగమన్నట్టు ఎడమ చెయ్యి ఎత్తేది. మేమంతా చేతిలో ముద్దలు పట్టుకుని ఆవిడ గొంతు వైపే చూసేవాళ్లం. ఒకసారి మింగేది. మళ్లీ మింగేది. అప్పుడు కళ్లు తెరిచి మమ్మల్నందరినీ చూసి అడిగేది:

"ఏడదాకా సెప్పేను?"