దగ్గు తగ్గాక రమ్మన్నారు

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది ఊరంతా ముక్కులకు గుడ్డలు కట్టుకుని తిరుగుతుంటే, మా ఇంట్లో అందరి కళ్లూ నాయిన కుడికాలి మీదే ఉండేవి. శామీర్‌పేట దగ్గర లాల్‌గడి మలక్‌పేట్‌లో తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. బీడీలు ఆయన కాలి రక్తనాళాన్ని మూసేశాయి. మొదట తాటివనం దాకా నడిస్తే పిక్క పట్టేసేది. తర్వాత మంచం మీద కాలు చాపితే నొప్పి ఓర్చుకోలేక, కిందికి వేలాడేసుకుని కూర్చునేవాడు. బొటనవేలు నల్లబడ్డాక పట్నంలో పెద్దాసుపత్రివాళ్లు ఆపరేషన్‌కు రోజు చెప్పారు.

ఆ రోజు ఆసుపత్రి గేటు దగ్గర నాయిన దగ్గాడు. అంతే! మాస్కు పెట్టుకున్న కాపలా మనిషి వెనక్కి గెంతి, "దగ్గున్నోళ్లను లోపలికి రానియ్యం. తగ్గినంక రాండ్రి," అన్నాడు.

ఆ దగ్గు తగ్గేదా? నాయిన బీడీ మానేసినా అది నాయినను వదల్లేదు. పొద్దున్నే అది వినబడితేనే మాకు తెల్లవారినట్టు.

"గిది బీడీ దగ్గయ్యా! మీ రోగం మొన్న వచ్చింది. గీ దగ్గు నా పెండ్లినాడే ఉంది," అంది అమ్మ.

"పోదాం పా. గా జబ్బు పోయినంక వద్దాం," అంటూ నాయిన నా భుజం పట్టుకుని వెనక్కి తిరిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. జ్వరాలు ఊరు దాటిపోయేదాకా కుళ్లే కాలు ఆగుతుందా?

అమ్మ గేటుకు అడ్డంగా చతికిలబడింది. నాయినను పక్కన కూర్చోబెట్టి, కాలు ఒళ్లో పెట్టుకుని కట్టు విప్పేసింది. ఆ వాసనకు జనం పక్కకు తప్పుకున్నారు.

"జరగుండ్రి, మంచిగ జరగుండ్రి. డాక్టర్ సారుకు తొవ్వ దొరుకుతది," అంది అమ్మ. ఎవరెంత గదమాయించినా లేవలేదు.

చివరికి ఆపరేషన్ చేయాల్సిన డాక్టరే బయటికి వచ్చాడు. పాదం మీద వేళ్లు ఆనించి నాడి వెతికాడు. దొరకలేదు.

"వేరే గది ఇద్దాం. దగ్గు సంగతి తర్వాత. కాలు ఆగదు," అని స్ట్రెచర్ తెమ్మన్నాడు.

గొంతు పరీక్షలో ఫ్లూ లేదని తేలింది. తొడలోంచి ఒక రక్తనాళం తీసి, మూసుకుపోయిన చోటును దాటించి రక్తానికి దారి చేశారు. బొటనవేలు పోయింది, కాలు నిలిచింది. ఇంకా ఆలస్యమై ఉంటే మోకాలి కింద తీసేయాల్సి వచ్చేదని డాక్టరు చెప్పాక, నాయిన అమ్మవైపు తిరిగాడు.

"నేను పోదామంటే ఎందుకినలే?"

అమ్మ ఆయన పాదం మీద చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉంది.

"కాలు నీదే. నడిసేది నాతోని గదా!"