మైకు మావయ్య గొంతు

ఎన్నికలొస్తే ఆటోలో కూర్చుని ఊరంతా ఓట్లడిగే గొంతు మైకు మావయ్యది. ఏ పార్టీ పిలిచినా వెళ్ళేవాడు. "అమ్మా, అక్కా, ఈసారి ఆసుపత్రి కట్టించి తీరతాం!" అని ఆయనంటే నమ్మనివాళ్ళు కూడా తలూపేవారు. ఆసుపత్రి పునాదిరాయి దాటలేదు. ఆయన గొంతులో లేచిన పుండు మాత్రం, చూపించుకునే దిక్కులేక ముదిరింది. చివరికి దూరపు ఊళ్ళో కోసి, గొంతే తీసేశారు. ఇప్పుడు మెడకు తువ్వాలు చుట్టుకుని, మంచినీళ్ళు కావాలన్నా గిన్నె మీద చెంచాతో కొడతాడు.

ఈ ఉదయం వీధి మలుపులో ఆ గొంతే మోగింది. "అమ్మా, అక్కా, ఈసారి ఆసుపత్రి..." పాత రికార్డే. నాయకుడి పేరొచ్చే చోట మాత్రం ఇంకెవరి గొంతో అతికించారు. పక్కింటాయన గోడ మీదుగా, "ఏం మావయ్యా, మళ్ళీ మొదలెట్టావా?" అనబోయి, అరుగు మీద నోరు తెరుచుకుని వింటున్న మావయ్యనే చూసి ఆగిపోయాడు.

మావయ్య ఒక్క ఉదుటున వెళ్ళి ఆటోకి అడ్డం నిలబడి, మైకు మూతిని రెండు చేతులతో మూశాడు. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన భార్య ఆ చేతులు విడదీసింది.

"ఉండనివ్వండి. అబద్ధమైతేనేం, మీ మాట విని ఎన్నాళ్ళయిందో!"

ఆటో కదిలింది. "అమ్మా, వస్తున్నాం!" అంది గొంతు. "ఆఁ, వస్తున్నానండీ" అంటూ ఆమె దాని వెంటే నడిచిపోయింది.