తప్పుంది, విప్పెయ్

మా మేనత్తకు ఒకే ఒక్క జబ్బు. ఊలుతో అల్లిన వస్తువు ఏది కంటబడినా అందులో తప్పుందంటుంది. అని ఊరుకున్నా బాగుండేది. కొస దొరికేదాకా వెతికి, దొరకగానే పట్టుకుని లాగి, మొత్తం విప్పేస్తుంది. అది తనదా, పరాయివాళ్ళదా, బీరువాలో ఉందా, మనిషి ఒంటి మీద ఉందా అన్న పట్టింపే లేదు. పుట్టుకతో వచ్చిన జబ్బైతే ఇంట్లోవాళ్ళం అలవాటు పడిపోయేవాళ్ళమే. ఆవిడకిది జుట్టు నెరిశాక పట్టుకుంది. అలాంటి మనిషి పక్కన నడవడం ఎంత నామర్దానో మేనకోడల్ని గనక నాకే తెలుసు.

పైగా నాది చెయ్యి తిరిగిన అల్లిక. నా గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, నా వరుసలు రూళ్ళకర్ర పెట్టి గీసినట్టుంటాయి. అలాంటి నేను మా ఆయనకు స్వెటర్ మొదలుపెట్టి మూడు చలికాలాలు గడిచిపోయాయి. నడుము దాటి చంకల దాకా వచ్చేసరికి అత్తయ్య తగులుతుంది. కళ్ళజోడు సవరించుకుని, స్వెటర్ని వెలుతురుకు ఎత్తిపట్టి, "తప్పుంది, విప్పెయ్" అంటుంది. ఎక్కడుందో చూపించమంటే, "అది నీకు కనిపిస్తే అసలు చెయ్యవు కదే" అంటుంది. నేను విప్పేస్తాను. మా ఆయన మటుకు, స్వెటర్ ఎలాగూ రాదు, చలి పోయే ఉపాయం ఇంకేదైనా చూసుకుంటానని పొద్దున్నే పరిగెత్తడం మొదలుపెట్టాడు. మనిషి సగమయ్యాడు. ఇప్పుడు స్వెటర్ కొలతలు కూడా మారిపోయాయి.

ఒకసారి బస్సులో మా ముందు సీట్లో ఒక పెద్దమనిషి మెడకు మఫ్లర్ చుట్టుకుని కునుకు తీస్తున్నాడు. దాని కొస సీటు వెనక్కి వేలాడుతోంది. అత్తయ్య చూపు అక్కడ పడింది. వద్దని చెయ్యి పట్టుకున్నాను. ఊరికే చూస్తున్నానంది. నేను టికెట్ తీసుకుని ఇటు తిరిగేసరికి ఆవిడ ఒళ్ళో ఊలు ఉండ ఒకటి బొద్దుగా తయారవుతోంది. ఆవిడెవరో నాకు తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాను. ఆవిడ ఊరుకుంటేనా? ఉండ సీటు కిందికి దొర్లిందనీ, వంగి అందుకోమనీ బస్సంతా వినబడేట్టు నాకు పురమాయించింది. ఆయన దిగాల్సిన చోట లేచేసరికి మెడలో మఫ్లర్ పోయి పీలిక మిగిలింది. అత్తయ్య ఉండను ఆయన చేతిలో పెట్టి, "మొదట్లోనే తప్పు పడింది నాయనా, మళ్ళీ అల్లించుకో" అని దీవించినట్టు చెప్పింది. భూమి చీలితే అందులో దూరిపోదామనిపించింది. నేనూ అక్కడే దిగిపోయి, మిగతా దారంతా ముఖం దించుకుని నడిచాను.

మా ఆఫీసులోనూ నా పరువు దక్కనివ్వలేదు. నేను మర్చిపోయిన తాళంచెవి ఇవ్వడానికి వచ్చి, మా మేనేజరుగారిని దారిలో ఆపింది. ఆయన ఒంటి మీదున్నది వాళ్ళావిడ పెళ్ళైన కొత్తలో అల్లిన స్వెటర్. నేను పరిగెత్తుకొచ్చేసరికే ఒక చెయ్యి మోచేతి దాకా విడిపోయింది. ఆయన మర్యాదస్తుడు గనక వేలాడే ఊలును జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నన్ను చూసినప్పుడల్లా ఆ చేతిని వెనక్కి పెట్టుకుని మాట్లాడేవాడు.

ఇక మా శనివారం గది సంగతి. గుండీల కొట్టు మీద ఒక గదుంది. ఒకప్పుడు అక్కడ బట్టలు కత్తిరించేవాళ్ళట, ఆ పొడుగాటి బల్ల ఇంకా ఉంది. గోడ నిండా చిన్నచిన్న సొరుగులు, ఏ సొరుగులో ఏముందో తెలియడానికి ముందువైపు ఒక్కో గుండీ అతికించి ఉంటుంది. శనివారం మధ్యాహ్నం ఆ గది మాది. పళ్ళ డాక్టరమ్మ పాత బట్టల ముక్కలు కలిపి బొంతలు కుడుతుంది. ఆసుపత్రి నర్సు కాన్పుల వార్డులో పిల్లలకని టోపీలు, మేజోళ్ళు అల్లుతుంది. నేను స్వెటర్ అల్లుతాను, అంటే అల్లుతూనే ఉంటాను. నాతో వచ్చే అత్తయ్యది శాలువా. కిటికీ పక్క కుర్చీ టీచరుగారిది. బడిలో కుట్టుపని నేర్పి రిటైరైన మనిషి. మా అందరికీ సూది పట్టడం నేర్పింది ఆవిడే. నర్సుది ఎడమచేతివాటం. తనను చూసి నేర్చుకోవడం కుదరడం లేదని, అద్దం తెచ్చి ఎదురుగా పెట్టి, అందులో తన చేతుల్ని చూసి నేర్చుకోమన్న ఓపిక ఆవిడది.

టీ వచ్చే వేళకు ఎవరి పని వాళ్ళం బల్ల మీద పెట్టాలి. అప్పుడు మొదలవుతుంది అత్తయ్య తనిఖీ. నర్సు టోపీ, తప్పుంది, విప్పెయ్. డాక్టరమ్మ బొంత, తప్పుంది, కుట్లు ఊడదీసెయ్. నా స్వెటర్ సంగతి చెప్పక్కర్లేదు. పక్షపాతం లేని మనిషి గనక తన శాలువాలో కూడా తప్పు పట్టుకుని తనే విప్పేసుకునేది. చివరికి టీచరుగారి వంతు వచ్చేది. అప్పటికి బల్ల నిండా వంకీలు తిరిగిన ఊలు, చుట్టూ మాడిన ముఖాలు. "పోనీలెండమ్మా, ఊలు ఎక్కడికి పోతుంది? మళ్ళీ అల్లుకుందాం" అని టీచరుగారు తనదీ నవ్వుతూ విప్పేసి, మా ఒక్కొక్కళ్ళనీ ఓదార్చేది. ఆ ఓదార్పు కోసమే నేను మెట్లెక్కి వచ్చేదాన్ని.

ఇలా ఎన్నాళ్ళో ఓర్చుకున్నాం. టోపీల రోజున మాత్రం పుండు పగిలింది. కాన్పుల వార్డుకు టోపీలన్నీ ఒకేసారి ఇద్దామని అందరం ఒప్పుకుని, ఎవరింట్లో వాళ్ళం గుట్టుగా అల్లి, ఆ శనివారం తెచ్చి కుప్పగా పోశాం. నర్సు ఒక్కోటీ తీసి మడతపెడుతోంది. ఒక టోపీ చేతికొచ్చింది. దానికి తల దూర్చే దారే లేదు, రెండు వైపులా మూసేసి ఉంది. "ఇదెవరు అల్లారబ్బా" అని నర్సు నవ్వబోయిందో లేదో, అత్తయ్య గద్దలా వచ్చి ఆ టోపీని లాక్కుంది. దాన్ని విప్పి ఊరుకోలేదు. తర్వాతి టోపీ, దాని తర్వాతి టోపీ, మొత్తం కుప్ప విప్పేసింది. నర్సుకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తను వార్డులో అందరికీ మాట ఇచ్చి వచ్చిందట.

ఆ సాయంత్రం టీచరుగారు, అత్తయ్య వెళ్ళిపోయాక మెట్ల మీద మా ముగ్గురి మంతనాలు జరిగాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటే ఇదేనంది డాక్టరమ్మ. ఆవిడ వస్తే ఇక తను రానంది నర్సు. ఆ మాట అత్తయ్యతో చెప్పేదెవరన్నప్పుడు ఇద్దరూ నా వైపే చూశారు. మేనత్త నాది గనక ఆ సిగ్గూ నాదే, ఆ పనీ నాదే.

మర్నాడు వెళ్ళి నేల చూపులు చూస్తూ చెప్పాను. పోట్లాడుతుందనుకున్నాను. పోట్లాడితే బాగుండేది.

"టీచరుగారు కూడా రావద్దన్నారా?" అని అడిగింది.

"ఆవిడకి ఇంకా తెలీదు."

"అయితే ఒక్క మాట విను. నువ్వు ఆవిడ పక్కన కూర్చో. ఆవిడది ముందు చూడకండి. మీ అందరివీ విప్పేశాకే చూడండి."

సరేనన్నాను గానీ ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను. జబ్బు మనిషి చాదస్తం అనుకున్నాను.

వచ్చిన శనివారం గది ఎంత హాయిగా ఉందో. అత్తయ్య రాలేదేమని టీచరుగారు అడిగితే ఒంట్లో బాగాలేదని డాక్టరమ్మ చెప్పింది. ఎవరి పని వాళ్ళం చకచకా చేసుకున్నాం. నర్సు టోపీ పూర్తయింది. డాక్టరమ్మ బొంతకు అంచు పడింది. నా స్వెటర్ మొదటిసారిగా చంకలు దాటింది. టీ రాగానే బల్ల మీద పరిచి, ఒకళ్ళ పని ఒకళ్ళం మెచ్చుకున్నాం. టీచరుగారిది కూడా చూద్దామని సంబరంగా నేనే ఆవిడ ఒళ్ళోంచి తీసి అందరికీ కనబడేట్టు ఎత్తిపట్టుకున్నాను.

మఫ్లర్ అది. మొదలు నాలుగు వేళ్ళ వెడల్పు. కొస దగ్గర జానెడు దాటింది. మధ్యలో కుట్లు జారిపోయి, వేళ్ళు దూరేంత కంతలు పడ్డాయి. మాకు అంచు తిన్నగా రాకపోతే ఒకప్పుడు ఊరుకోని మనిషి చేతి పని అది. ఎత్తిపట్టుకున్న చేతుల్ని ఎలా దించాలో నాకు తెలియలేదు. నర్సు టీ కప్పులోకి చూస్తోంది. రెండు వైపులా మూసుకుపోయిన ఆ టోపీ ఎవరిదో అప్పుడు తెలిసింది మాకు. కుప్ప మొత్తం ఎందుకు విప్పాల్సి వచ్చిందో కూడా తెలిసింది.

టీచరుగారు మా ముగ్గురి పనీ చూసింది. తన మఫ్లర్ చూసుకుంది. "నాదొక్కటే ఇలా ఉందేం?" అని మెల్లిగా అని, సూదులు సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ సంచీ మూతపడితే ఆవిడ ఇక ఈ మెట్లెక్కదని మాకందరికీ అర్థమైంది.

ముందు నర్సు కదిలింది. "నాదీ తప్పేనండీ" అంటూ అప్పుడే పూర్తయిన టోపీ కొస పట్టుకుని లాగింది. డాక్టరమ్మ బొంత అంచు పరపరా ఊడదీసి, తనదీ తప్పేనంది. చంకలు దాటిన స్వెటర్‌ని చూసుకుంటే నా ప్రాణం ఉసూరుమంది. అయినా లాగాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ముగ్గురం ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకోకుండా లాగుతూనే ఉన్నాం.

టీచరుగారు సంచి మూత మీద చెయ్యి ఆపింది. "మీకు అల్లడం నేర్పాను గానీ, ఇది నేర్పలేదు" అంది. "ఆవిడ విప్పితే నిజంగా తప్పున్నట్టే ఉంటుంది. నా చేతుల సంగతి నాకు తెలీదా? తెలిసీ తెలియనట్టు కూర్చోవడంలో నాకో సుఖం ఉండేది. అది మీరెవరూ ఇవ్వలేరు. వెళ్ళి ఆవిణ్ణి తీసుకురండి."

పరుగులాంటి నడకతో అత్తయ్య ఇంటికెళ్ళాను. గుమ్మంలో నిలబడ్డాను. నా ముఖం చూసే ఆవిడకు తెలిసిపోయింది. మీవి విప్పకముందే ఆవిడది చూశారు కదా అంది. చూశామన్నాను. చెప్పులు వేసుకుంది. దారిలో ఇక ఉండబట్టలేక, మరి బస్సులో పెద్దమనిషి, మా మేనేజరు ఏం పాపం చేశారని అడిగాను.

"జబ్బన్నాక అన్నిచోట్లా ఉండాలి కదే. శనివారం పూట, ఆ ఒక్క గదిలోనే వస్తే అది నాటకమని చంటిపిల్లకైనా తెలిసిపోతుంది. మాటలు ఊళ్ళో ఊరికే ఉంటాయా, టీచరుగారి దాకా పోవూ?"

మా మేనేజరుగారి సగం చెయ్యి కళ్ళ ముందు మెదిలింది. ఒకరి మర్యాద నిలబెట్టడానికి ఊరంతా నవ్వినా సరేననుకుంది ఈ మనిషి. నేనేమో బస్సులో ఆవిడెవరో తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూశాను. సిగ్గేసింది. చెప్పాను కూడా. చలిలో ఇలాంటివి మాట్లాడితే గొంతు పట్టేస్తుంది, నడవమంది.

గదిలోకి వెళ్ళగానే బల్ల మీదున్న వంకీల ఊలు చూసి, తను లేకుండానే మొదలుపెట్టేశారా అని కసిరింది. నర్సు కొంగుతో కళ్ళొత్తుకుని, ఇంకో టోపీ తీసి తనంతట తనే ఆవిడ చేతిలో పెట్టింది. అత్తయ్య దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, తప్పుంది, విప్పెయ్ అంది. తర్వాత టీచరుగారి పక్కన కూర్చుని మఫ్లర్ అందుకుంది. ఒకరు విప్పుతుంటే ఒకరు ఉండ చుడుతున్నారు. టీచరుగారు సంచిలోంచి సూదులు మళ్ళీ బయటికి తీసి, డాక్టరమ్మను ఓదార్చడం మొదలుపెట్టింది.

సాయంత్రం మెట్లు దిగుతున్నప్పుడు అత్తయ్య చెయ్యి పట్టుకున్నాను. మనసు తేలికైంది. ఇన్నాళ్ళూ నా రూళ్ళకర్ర వరుసల్ని విప్పించింది కూడా ఆ మంచి పని కోసమేగా అని లోపల కాస్త గర్వం కూడా పొడుచుకొచ్చింది. నిజం చెప్పమన్నాను. మా వాటిలో అసలు తప్పులే లేవు కదా అని అడిగాను.

అత్తయ్య ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, నా వైపు జాలిగా చూసింది.

"వాళ్ళిద్దరివాటిలో లేవే, పాపం. నీవి మాత్రం అన్నీ నిజం తప్పులే."