పగటిపూట దోమతెర

మా మాచర్ల వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా డాక్టరుకంటే ముందు తెలిసేది మా పక్కింటి ముంతాజ్ వదినకే. బ్రెడ్డు ప్యాకెట్టు, కొబ్బరిబోండం పట్టుకుని వెళ్లి మంచం అంచున కూర్చుంటుంది. ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదంటే తానే ఇంత జావ కాచి పోసి వస్తుంది. "మా ఆవిడ కనపడాలంటే ఎవరికో ఒకరికి ఒళ్లు కాలాలి" అంటాడు ఆమె భర్త, ట్రాక్టర్ మెకానిక్ ఖలందర్ అన్న. అలాంటి మనిషితో నేను ఈ వానాకాలమంతా పోట్లాడాను. ఇప్పటికీ నా కోపం తీరలేదు.

ఆమె కొడుకు ఫహీమ్‌కి డెంగ్యూ వచ్చింది. కూతురు నిఖత్ ఏడో నెల కడుపుతో నడికుడి నుంచి పుట్టింటికి వచ్చి ఉంది. అంతకుముందు ఒక కడుపు నిలవలేదు. ఈ బిడ్డయినా దక్కాలని ముంతాజ్ వదిన కనపడిన దర్గాకల్లా మొక్కింది.

ఫహీమ్‌ని ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు నేనూ తోడు వెళ్లాను. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఇది వైరస్ జ్వరం, సూదితో పోదు. పారాసెటమాల్ ఒక్కటే వేయాలి, నొప్పుల బిళ్లలు సొంతంగా మింగించకూడదు. నీళ్లు బాగా తాగించాలి. జ్వరం తగ్గాక కూడా కడుపునొప్పి, వాంతులు, ఎక్కడైనా రక్తం కనిపిస్తే పరుగెత్తుకు రావాలి. ఈ దోమ పగలే కుడుతుంది, వీణ్ణి కుట్టిన దోమ కొన్నాళ్లకి ఇంకొకరికి అంటిస్తుంది, అందుకని పగలు కూడా దోమతెరలోనే ఉంచాలి. ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉందంటే మరీ జాగ్రత్త అంది.

ముంతాజ్ వదిన అన్నిటికీ తలూపింది. మందూ, నీళ్లూ వేళకి ఇచ్చింది. తెర దగ్గరే వచ్చింది తంటా.

ఆమె పలకరించి వచ్చిన ఇళ్లవాళ్లంతా ఇప్పుడు వంతులేసుకుని వచ్చారు. వచ్చినవాళ్లు వాడి పక్కన కూర్చోవాలి, చెయ్యి పట్టుకోవాలి. వాళ్ల కోసం ఆమె తెర ఎత్తి ముడేసేది. ఆ ముడి పొద్దుగూకేదాకా విప్పేది కాదు.

"తెర దించు వదినా. ఇంట్లో నిఖత్ ఉంది" అన్నాను.

"మనుషులొస్తే తెరేసి పడుకోబెడితే ఏమనుకుంటారు రమణమ్మ వదినా? మా ఇంటికి రామాకండి అన్నట్టుండదూ?"

"అనుకోనీ. వాళ్ల మర్యాద నీ బిడ్డ కడుపుకంటే ఎక్కువా ఏంది?"

"నోటికొచ్చినట్టు మాట్లాడమాకు" అని మొహం తిప్పుకుంది.

ఎదురింటి ముసలామె ఖాతూన్ బీ అయితే రోజూ వచ్చి మధ్యాహ్నందాకా కూర్చునేది. "పగటిపూట తెరేంది, చంటిబిడ్డా వాడు?" అని తానే ఎత్తేసేది. నాకు ఒళ్లు మండిపోయేది. మా డ్రమ్ములకి మూతలు పెట్టి, కూలర్లో నీళ్లు పారబోసి నేనేం బావుకున్నట్టు? గోడవతలి దోమకి నా మూతలతో పనేముంది?

ఫహీమ్ కోలుకున్నాడు. హమ్మయ్య అనుకునేలోపు ఖాతూన్ బీ మంచం పట్టింది. పరీక్ష చేయిస్తే డెంగ్యూ అన్నారు. ఆ కబురు వినగానే ముంతాజ్ వదిన నిఖత్ మంచానికి తెర కట్టింది. కిటికీలకి జాలీ కొట్టించింది. తొట్లన్నీ బోర్లించి రుద్దింది. వీధి తలుపు మూసేసింది. ఖాతూన్ బీని చూడ్డానికి కూడా వెళ్లలేదు. వీధిలో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. ఇప్పుడొచ్చిందా బుద్ధి అని నేను పళ్లు కొరుక్కున్నాను.

ఆ వారంలోనే నాకూ తగులుకుంది. కళ్ల వెనక పోటు, ఒళ్లంతా విరిచేస్తున్నట్టు నొప్పులు. మా ఆయన పొలం వెళ్లాడు. ఇంట్లో పలికే దిక్కు లేక ముంతాజ్ వదినకి ఫోన్ చేశాను.

"నేను రాను వదినా" అంది. "అక్కడ నన్ను దోమ కుడితే, ఆ జబ్బు నేనే మోసుకొస్తా. నన్ను కుట్టిన దోమే నిఖత్‌నీ కుడుతుంది. నువ్వే చెప్తివిగా."

"నిఖత్ ఎట్టుంది?"

"బాగుంది. లోపల బిడ్డ చానా తిరుగుతుంది."

"అయితే రామాకులే."

ఆమె ఫోన్ పెట్టలేదు. నీళ్లు తాగుతున్నావా, ఉచ్చ పోస్తున్నావా, కడుపులో నొప్పుందా అని ఏడుస్తూనే అడిగింది. అన్నిటికీ ముక్తసరిగా జవాబు చెప్పాను. మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక్క గోడ. ఆమె చేసింది సరైన పని. ఇన్నాళ్లూ నేను నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిందీ అదే. అయినా రానందుకు ఆమె మీద నాకు పట్టరానంత కోపం వచ్చింది.