సువార్తమ్మ కుచ్చులు

భవానీపురంలో సువార్తమ్మ చేతికి గుడ్డ దొరికితే చాలు, దానికి కుచ్చులు పడాల్సిందే. దిండు గలీబుకి కుచ్చులు, గ్రైండరు ముసుగుకి కుచ్చులు. గ్యాస్ బండకైతే ఏకంగా కుచ్చుల గౌను. బండ మార్చడానికొచ్చినతను గుమ్మంలోనే ఆగిపోయి, "పెళ్ళెప్పుడండీ?" అనడిగాడు.

కొడుకు ఎలీషాకి తల కొట్టేసినట్టుండేది. అసలే డిగ్రీ చదివినా ఉద్యోగం రాక లోకం మీద మండిపడుతున్న కుర్రాడు. మెడకి ఎండ తగలకుండా వాడి హెల్మెట్ వెనక గుడ్డ కుట్టిందావిడ. కుచ్చులతోనే. సిగ్నల్ దగ్గర పోలీసాయన, "బండి పక్కకి తియ్యమ్మా" అన్నాడు.

"ఎందుకమ్మా ఈ కుచ్చులు?" ఇంటికొచ్చి తల్లిని నిలదీశాడు.

"బోడిగా ఉంటే ఏం బావుంటుందిరా?"

ఇంతలో కూతురు హెలెన్‌కి కొడుకు పుట్టాడు. బిడ్డని పాతచీరల బొంతలో చుట్టి అత్తారింటికి పంపడం వాళ్ళ ఆనవాయితీ. హెలెన్ మామగారు బాలశౌరి, పోయిన తన భార్య చీర పట్టుకుని కొండపల్లి నించి వచ్చారు.

"పైన ఇదే వెయ్యి చెల్లెమ్మా. పెట్టెలో పెట్టాక మడత కూడా విప్పలేదు. పోగు చెదర్లేదు."

బొంత తయారైంది. అడ్డంగా కుచ్చులు, నిలువుగా కుచ్చులు.

బిడ్డని తీసుకెళ్ళే రోజు పొద్దున్నే హెలెన్ ఏడుపు లంకించుకుంది. "కుట్టమంది బొంతా, లంగానా? మామగారు ఇడ్లీలో కూడా వంకర వెతికే మనిషి. జన్మంతా దెప్పుతారు!"

చెల్లెలి కాపురం కుచ్చులపాలవుతుంటే అన్న ఊరుకుంటాడా? తల్లి పెరట్లో ఉండగా ఎలీషా బొంత ఒళ్ళో పరుచుకుని, బ్లేడు తీసుకుని కూర్చున్నాడు. ఒక కుచ్చు కుట్టు తెంపాడు. లోపల పిడికిలి పట్టేంత కంత. ఇంకోటి తెంపాడు. ఇంకో కంత, చుట్టూ ఎలుక పళ్ళ గాట్లు. పోగు చెదరని చీరని ఎలుకలు ఎప్పుడో ఆరగించేశాయి.

"కనిపెట్టావా, పండితుడా?" గుమ్మంలో సువార్తమ్మ.

"ఆయనకి తెలీదా?"

"తెలిస్తే తట్టుకుంటారంట్రా? ప్రాణంలా దాచుకున్నారు."

"మరి గ్యాస్ బండకేం కంతలున్నాయి?"

"పేటలో వాళ్ళంతా కుట్టమని నాకిచ్చేవి పాతబట్టలేగా. చిరిగినవాటికే కుచ్చులు పెడితే చిరుగు పట్టిచ్చినట్టే. అన్నిటికీ పెట్టాననుకో, పిచ్చి నాది, పరువు వాళ్ళది."

బయట ఆటో ఆగింది. "చెల్లెమ్మా!" బాలశౌరి గొంతు.

ఎలీషా జన్మలో సూది పట్టలేదు. కళ్ళు మూసుకున్నంత పని చేసి, టకటకా కుట్టేసి, దారం కొరికేశాడు. కంతలు మాయం.

బాలశౌరి బొంత చూసి నొసలు ముడిచారు. "మా ఆవిడ చీరకి ఇన్ని కుచ్చులేంటి?"

సువార్తమ్మ నోరు తెరిచింది. ఎలీషా ముందే అందుకున్నాడు. "అమ్మ వద్దందండీ మావయ్యగారూ. నేనే పెట్టించాను. కుచ్చులంటే నాకు పిచ్చండీ."

అంటూ మర్యాదగా లేవబోయాడు. లుంగీతోపాటు బొంత కూడా లేచింది. రెండూ కలిపి కుట్టేసుకున్నాడు!

బాలశౌరి ఒక్క క్షణం తెల్లబోయి, పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే ఆ చీర మీద చెయ్యేసి, మెల్లిగా నిమిరారు.

"మంచిదే చెల్లెమ్మా, మనవడితోపాటు మేనమామని కూడా ఆటో ఎక్కించెయ్!"