ఆవిడ కవితకి నా రాగం

షామ్‌బర్గ్ లైబ్రరీలో శనివారం పొద్దున కవిత్వం చదువుకునే గుంపు ఒకటుంది. అమెరికాలో ఫిబ్రవరి నల్లజాతివాళ్ళ చరిత్రని తలుచుకునే నెల కాబట్టి, ఆ నెలంతా నల్లజాతి కవులవే చదువుతారు. తలా ఒక కవిత తెచ్చుకుని, ఫోన్లో చూస్తూ, కిరాణా చీటీ చదివినట్టు చదివేసి కూర్చుంటారు. నాకది చేతకాదు. మా బడిలో పద్యం కంఠతా రాకపోతే మాస్టారు బెంచీ ఎక్కించేవారు. అందుకని వారమంతా గిన్నెలు తోముతూ, కార్‌లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడూ వల్లె వేసి, చూడకుండా అప్పజెప్పేదాన్ని.

వల్లె వేస్తే ఆ కవితలు ఊరుకుంటాయా? పిల్లకి జడ వేయడం, ఆకుకూర ఉడకబెట్టడం, బస్సు కోసం నిలబడ్డ కాళ్ళ నొప్పి, వీటి గురించి తలెత్తుకుని రాశారు వాళ్ళు. అన్ని అవమానాలు పడ్డ ఇళ్ళల్లోంచి ఇంత నవ్వు ఎలా తెచ్చారో అని ఆశ్చర్యపోయేదాన్ని. రోజూ మా అమ్మాయి తల దువ్వుతూ విసుక్కునే నేను, ఒకరోజు దువ్వెన పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా అమ్మ చేతులు గుర్తొచ్చాయి. ఆ కవుల మీద ప్రేమ పుట్టింది అక్కడే.

గుంపు నడిపేది ఒక పెద్దావిడ. నల్లజాతి కవయిత్రి, బడిపంతులమ్మగా రిటైరయ్యారు. కిందటేడు పక్షవాతం వచ్చి మాట ముద్దయిపోయింది. ఆ మాట నలుగురికీ వినిపించడం ఇష్టంలేక, చెప్పాల్సిందంతా ఫోన్లో టైప్ చేసి చూపించేవారు. నెలాఖరు సభలో ఎప్పుడూ ఆవిడే తన కవిత చదవాలి. ఈసారి ఆ కాగితం నా చేతిలో పెట్టారు.

"నా యాసతో మీ కవిత పాడైపోతుందండీ," అన్నాను.

ఆవిడ టైప్ చేశారు. "నువ్వు కాగితాన్ని చూడవు. మమ్మల్ని చూస్తావు."

ఇంట్లో అటూ ఇటూ నడుస్తూ ప్రాక్టీస్ చేస్తుంటే మా ఆయన నవ్వాడు. "పోయెమ్ చదువుతున్నావా, నాటకంలో వేషం కడుతున్నావా?"

"ఊరుకో. ఆవిడ నన్ను ట్రస్ట్ చేసింది. పాడుచేశానంటే మళ్ళీ మొహం చూపించలేను."

సభ రోజు హాలు నిండింది. కవితలో ఆవిడ వాళ్ళమ్మ ఊళ్ళోవాళ్ళ చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది. ఒక్కో చొక్కానీ దాని యజమాని పేరుతో పిలిచి మడత పెడుతుంది. ఆమెని మాత్రం ఎవరూ పేరుతో పిలవరు. కవితలో చివరి మాట ఆమె పేరే. అంతా బాగానే అప్పజెప్పాను. ఆ పేరు దగ్గరికొచ్చేసరికి నాకేం పూనిందో, మా ఊరి పద్యనాటకాల్లో లాగా చెయ్యెత్తి రాగం తీశాను. బారెడు రాగం! సిగ్గుతో చచ్చిపోయాను. అంత నమ్మి చేతిలో పెడితే ఇంత పని చేశానే అనుకుంటూ ఆవిడ వైపు చూశాను.

కళ్ళు మూసుకుని ఉన్నారు. ఎడమచెయ్యి నెమ్మదిగా లేపి, వేలు గుండ్రంగా తిప్పారు. మళ్ళీ చదవమని. మా వైపు నాటకాల్లో వన్స్‌మోర్ కొట్టించుకున్నవాడికి మించిన మొనగాడు లేడు. నాకు ఏడుపొచ్చేసింది. మొదటినుంచి అందుకున్నాను. పేరు దగ్గర రాగం ఎత్తగానే ఇంకో గొంతు వచ్చి కలిసింది, గరగరమంటూ, తడబడుతూ. ఆవిడదే. నేను రాగం ఆపేశాను. వాళ్ళమ్మ పేరు ఆవిడే పూర్తి చేశారు.