ముందు బ్రేకు ముట్టనివాడు

తమ్ముడు పడ్డాడని ఫోనొస్తే మలుపన్న అడిగిన మొదటి మాట, "ఎవరి తమ్ముడు?"

అవతల మాట్లాడుతున్నది మరదలు. ఏడుస్తున్న మనిషికి కూడా ఒళ్ళు మండింది. "మీకు ఎంతమంది తమ్ముళ్ళున్నారు బావగారూ?" అంది.

ఉన్నది ఒక్కడే. ఆ ఒక్కడు బండి మీంచి పడడమన్నది మలుపన్న బుర్రలోకి దిగలేదు. లారీ గుద్దిందా అన్నాడు. లేదంది. కుక్క అడ్డొచ్చిందా అన్నాడు. ఎవరూ అడ్డు రాలేదు, ఏదీ గుద్దలేదు, వెనక రోడ్డులో బావి మలుపు దగ్గర తనంతట తనే పోయి రాతికట్టకు కొట్టుకున్నాడు, తొడ ఎముక విరిగింది, ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నారు, అని చెప్పి ఆమె ఫోను పెట్టేసింది. మలుపన్న కొండ మీద ఆసుపత్రి మెట్ల మీద ఐసు పెట్టె ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. రక్తం సీసాలు తెచ్చిచ్చిన నర్సు రెండుసార్లు పిలిచినా పలకలేదు.

మలుపన్న అసలు పేరు జీతమిచ్చే ఆఫీసువాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. కొండ మీది చిన్నచిన్న ఆసుపత్రుల్లో తీసిన రక్తాన్ని, అది పాడయ్యేలోగా కింద పట్నంలోని ల్యాబుకి చేర్చడం అతని పని. పెద్ద రోడ్డు కొండ చుట్టూ తిరిగి తీరిగ్గా దిగుతుంది. వెనక రోడ్డు అడ్డంగా దిగుతుంది గానీ, అన్నీ మెలికలే. ఏ మలుపులో కంకర పేరుకుంటుందో, ఎక్కడ పొద్దెక్కినా తడి ఆరదో, ఏ ఇంటి కుక్క ఏ వేళకు రోడ్డుకు అడ్డంగా పడుకుంటుందో అన్నీ అతనికి కంఠతా వచ్చు. ఆ రోడ్డు మీద అతని పాత బక్క బండి, గట్టిగా తుమ్మితే ఆగిపోతుందేమో అనిపించే బండి, నీళ్ళు జారినట్టు జారిపోయేది.

సెలవు రోజుల్లో పట్నం నుంచి పెద్ద బళ్ళవాళ్ళు వచ్చేవాళ్ళు. తోలు కోట్లు, మోకాళ్ళకు డిప్పలు, హెల్మెట్ల మీద కెమెరాలు. పైన మొదటి మలుపులో దడదడలాడించుకుంటూ అతన్ని దాటిపోయేవాళ్ళు. తర్వాత మలుపుల్లో అతను ఒక్కొక్కళ్ళనే లోపలి వైపు నుంచి దాటుకుంటూ వచ్చేసి, వాళ్ళు కిందికి దిగేసరికి టీకొట్టు బల్ల మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాడు. వాళ్ళు దిగి, అతని బండి చుట్టూ తిరిగి, వంగి చూసేవాళ్ళు.

"ఇంజన్లో ఏం మార్పించావన్నా?"

"ఇంజన్లో ఏముంటుంది బాబూ. ఉంటేగింటే నడుములో ఉంటుంది," అనేవాడు.

ఈ మాట అనడం కోసమే అతను బతుకుతున్నాడా అనిపించేది. పెళ్ళి చేసుకోలేదు. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి పెంచి, చదువు అబ్బకపోతే ఇదే పనిలో పెట్టి, పెళ్ళి చేసి, వాళ్ళింట్లోనే ముందు గదిలో మంచం వేసుకున్నాడు. ఆస్తి అంటూ లేదు. ఆ బండి, ఆ రోడ్డు, ఆ మాట.

ఆ మాటకు ఒక నియమం తోకలా అంటుకుని ఉంది. ముందు బ్రేకు ముట్టుకోకూడదు. కుర్రతనంలో కంకర మలుపులో భయపడి ముందు బ్రేకు గట్టిగా పట్టేస్తే, బండి అక్కడే ఆగింది గానీ అతను ఆగలేదు. పైపళ్ళు రెండు రోడ్డు మీద ఏరుకున్నాడు. ఆ సాయంత్రమే షెడ్డుకు వెళ్ళి ముందు బ్రేకు వైరు ఊడదీయించి గోడ మేకుకు తగిలించాడు. వేగం తగ్గాలంటే గేర్లున్నాయి, వెనక బ్రేకుంది, నడుముంది. ముందు బ్రేకు భయపడేవాడి కోసం పెట్టింది. ఇదీ అతని సిద్ధాంతం.

బక్క బండికి ఆ సిద్ధాంతం సరిపోయింది. సరిపోయింది కాబట్టి ఆచారమైపోయింది. రక్తం మోసే పనిలోకి కొత్తగా వచ్చిన ప్రతివాడూ చెయ్యి కాస్త తిరగగానే షెడ్డుకు వెళ్ళి ముందు బ్రేకు వైరు తీయించుకోవడం మొదలుపెట్టాడు. తీసిన వైర్లన్నీ అదే మేకుకు. "వైరు తీయించుకున్నాడు" అంటే మనిషయ్యాడని లెక్క. తీయించుకోనివాణ్ణి టీకొట్టు దగ్గర మనిషి కింద జమకట్టేవాళ్ళు కాదు.

ఈ గొప్పకు లొంగనిది ఇంట్లో ఒక్క మరదలే. స్కూటర్ మీద ఆఫీసుకు వెళ్ళొస్తుంది. డ్రైవింగ్ స్కూల్లో నేర్పినట్టు రెండు చేతులా రెండు బ్రేకులూ పట్టి, గేటు ముందు చీమ నడిచినంత మెల్లగా ఆగుతుంది.

"ఏంటమ్మాయ్, రెండు చేతులా పిండి పిసుకుతున్నావు," అనేవాడు మలుపన్న వరండాలోంచి.

"పిండి పిసికేవాళ్ళకి పళ్ళన్నీ ఉన్నాయి బావగారూ," అనేది ఆమె, స్టాండు వేస్తూ.

తమ్ముడు మాత్రం అన్న మాట జవదాటేవాడు కాదు. ఒక్కసారి దాటాడు. ల్యాబువాళ్ళు దూరపు ఆసుపత్రులు కూడా అప్పజెప్పడంతో పెద్ద బండి కొన్నాడు. డిస్క్ బ్రేకులు, లావు టైర్లు, స్టార్టు చేస్తే కిటికీ రెక్కలు అదిరే ఇంజను. మలుపన్న దాన్ని వరండాలోంచే చూశాడు, మెట్టు దిగలేదు. అన్నాల దగ్గర, "మనిషి చాలడనుకున్నవాడు బండి కొంటాడు," అన్నాడు. తమ్ముడి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. "బండి మారింది గానీ నేను మారలేదన్నయ్యా. కావాలంటే చూడు," అన్నాడు.

మలుపన్న చూడలేదు. అలిగి ఉన్నాడు. నెల తిరక్కముందే ఈ ఫోను.

కిందికి దిగుతూ బావి మలుపు దగ్గర ఆగాడు. తమ్ముణ్ణీ, బండినీ అప్పటికే తీసుకెళ్ళిపోయారు. రాతికట్ట మీద రంగు గీసుకుపోయి ఉంది, గాజు పెంకులున్నాయి. రోడ్డు మీద నల్లటి గీత ఒకటే, పొడుగ్గా, చివర పాములా మెలిక తిరిగి ఉంది. దాన్ని చూసి అతని ఛాతీ ఒక్క క్షణం పొంగింది కూడా. బిగిసింది వెనక చక్రం. అంటే వెనక బ్రేకే కొట్టాడు. చావు ముంచుకొస్తున్నా వాడి కాలు తను నేర్పిన చోటికే పోయింది. చెయ్యాల్సిందంతా చేశాడు. ఆగనిది బండే.

ఆసుపత్రిలో అదే చెప్పాడు. ఆపరేషన్ అయ్యి తమ్ముడు తెలివిలోకొచ్చాక మంచం పక్కన కూర్చుని, "నీ తప్పేం లేదురా. ఆ దయ్యాన్ని ఇవాళే అమ్మేద్దాం," అన్నాడు.

తమ్ముడు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. "బండినేం అనకు. చేతకానిది నాకు. నీ పరువు తీశాను."

"పరువేంట్రా."

"ఇంక నేను బండెక్కను. కొండ మీద ఏదైనా వాచ్‌మన్ పని ఉంటే చూడు."

 మరదలు మలుపన్నను వరండాలోకి తీసుకెళ్ళింది. ముఖం పీక్కుపోయి ఉంది గానీ గొంతు గట్టిగానే ఉంది.

"కాలు అతుక్కుంటుందన్నారు డాక్టర్లు. మనిషే అతుక్కునేలా లేడు. నిన్నటిదాకా నిద్రలో కూడా గేర్లు మార్చినవాడు, ఇవాళ వాచ్‌మన్ పనంటున్నాడు. నేను చెబితే వినడు, మీరు చెబితే వింటాడు. ఏం చెప్తారో ఆలోచించుకుని చెప్పండి. ఊరికే బండిని తిట్టి వెళ్ళిపోకండి."

బండిదే తప్పని రుజువు చూపిస్తే వాడు తేరుకుంటాడనుకున్నాడు మలుపన్న. తెల్లారి నేరుగా షెడ్డుకు వెళ్ళాడు. పెద్ద బండి మూలన ఒరిగి ఉంది. లైటు పగిలింది, ఒక పక్క ఫుట్‌రెస్టు వంగింది, అంతకుమించి పెద్ద దెబ్బలేం లేవు. షెడ్డు మేస్త్రి పాత డబ్బా మీద కూర్చుని చైను కడుగుతున్నాడు.

"లోపం ఎక్కడుందో చూశావా?"

"చూశాను. లేదు."

"లేకుండా ఎలా ఉంటుంది మేస్త్రీ." మలుపన్న చక్రాలు తిప్పాడు, గొలుసు లాగాడు, వెనక బ్రేకు తొక్కి చూశాడు. అన్నీ బాగున్నాయి. చివరికి పళ్ళు పోయిన నాటినుంచి ఎప్పుడూ చెయ్యని పని చేశాడు, ముందు బ్రేకు పిడి నొక్కాడు. అది కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. రాయిలా ఉంది. మలుపన్న ముఖం వెలిగిపోయింది.

"ఇదిగో. ముందు బ్రేకు పనిచెయ్యట్లేదు. నే చెప్పలేదూ?"

మేస్త్రి కడుగుతున్న చైను పక్కన పెట్టాడు. అతనికేసి ఓ చిత్రమైన చూపు చూశాడు.

"ముట్టుకోని బ్రేకు పనిచేస్తే నీకేంటి, చెయ్యకపోతే నీకేంటి?"

 మేస్త్రి స్క్రూడ్రైవర్ తీసుకుని, పిడికీ హ్యాండిల్‌కీ నడుమ గుచ్చి లాగాడు. నల్లటి రబ్బరు ముక్క ఊడి కింద పడింది. పాత ట్యూబు మడిచి, దారంతో చుట్టి, సరిగ్గా ఆ సందులో పట్టేలా ఎవరో ఓపిగ్గా కోసిన ముక్క.

"మీవాడే. కొన్న మర్నాడు వచ్చి ముందుది తీసెయ్యమన్నాడు. ఇది వైరు బ్రేకు కాదు నాయనా, నూనె గొట్టాలతో నడిచేది, తీయడం కుదరదన్నాను. అయితే నొక్కినా పడకుండా చెయ్యమన్నాడు. నేను చెయ్యనన్నాను. ఇక్కడే నేల మీద కూర్చుని వాడే కోసుకున్నాడు. అన్నయ్య చూస్తే సంతోషపడతాడన్నాడు."

మలుపన్న ఆ ముక్కను వంగి తీసుకున్నాడు.  మేస్త్రి బండిని దుంగ మీదికి ఎత్తి, ముందు చక్రాన్ని గిర్రున తిప్పి, ఒక్క వేలితో పిడిని తాకాడు. చక్రం చప్పుడు లేకుండా నిలిచిపోయింది. మళ్ళీ తిప్పి మలుపన్నను చెయ్యమన్నాడు. మలుపన్న వేలు పెట్టాడు. చక్రం ఆగింది. ఆ చక్రం అతని వేలి కింద ఆగుతుందన్న సంగతి అతనికి ఎవరో చచ్చిపోయిన కబురులా తగిలింది.

"దీంతో ఆ మలుపులో ఆగేవాడా?" అన్నాడు.

మేస్త్రి మళ్ళీ చైను అందుకున్నాడు. 

ఆసుపత్రికి వెళ్ళేసరికి మరదలు తమ్ముడికి జుట్టు దువ్వుతోంది. మలుపన్న రబ్బరు ముక్క తీసి దుప్పటి మీద పెట్టాడు. తమ్ముడు దాన్ని చూశాడు, అన్నను చూశాడు, సిగ్గుతో కళ్ళు దించుకున్నాడు.

"నీకు తెలిసిపోయిందన్నమాట," అన్నాడు.

"ఏం తెలిసింది?"

"నేను నొక్కానని."

మలుపన్నకు అర్థం కాలేదు. తమ్ముడి గొంతు లోపలికి పోయింది.

"మలుపులోకి వేగంగా వచ్చేశానన్నయ్యా. గేరు తగ్గించాను, వెనక బ్రేకు తొక్కాను, వెనకంతా పక్కకు కొట్టుకుపోతోంది. అప్పుడు నా చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది. ముందు బ్రేకు మీదికి. రబ్బరు పెట్టానని కూడా గుర్తు లేదు. నొక్కుతూనే ఉన్నాను కట్టకు కొట్టుకునేదాకా. భయపడేవాడి చెయ్యే దాని మీదికి పోతుందని నువ్వేగా అన్నావు. ఇన్నేళ్ళు నీ దగ్గర నేర్చుకుని, చివరికి నాది భయపడేవాడి చెయ్యేనని తేలిపోయింది. అందుకే బండెక్కనన్నది."

మరదలి చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఆమె మలుపన్న వైపు చూసింది. తిట్టే చూపు కాదు, అందుకే ఎక్కువ తగిలింది.

మలుపన్న నాలుక ఊడిపోయిన పళ్ళ సందులోకి పోయింది.  గోడవైపు ముఖం తిప్పుకుని పడుకున్న తమ్ముణ్ణి నిన్నంతా చూశాడు. బండికి భయపడ్డాడనుకున్నాడు. వాడు సిగ్గుపడింది తన చెయ్యి సరైన చోటికి వెళ్ళినందుకు.

"చెయ్యి కరెక్టుగానే వెళ్ళిందిరా," అన్నాడు. "అక్కడ నేనున్నాను, అడ్డంగా."

తమ్ముడు తల తిప్పాడు.

"బండి అమ్మొద్దు. కాలు కుదిరాక ఎక్కుదువుగాని."

"ఏ బ్రేకు కొట్టాలి మరి?"

"నన్నడక్కు. మీ ఆవిణ్ణడుగు."

తమ్ముడు నవ్వబోయి, తొడ నొప్పి పుట్టి మూలిగాడు. మరదలు మాత్రం నవ్వలేదు. రబ్బరు ముక్కను రెండు వేళ్ళతో ఎత్తి మందుల పెట్టె పక్కన చెత్తబుట్టలో పడేసి, చేతులు కడుక్కొచ్చింది.

మధ్యాహ్నం మలుపన్న షెడ్డులో తన బక్క బండికి ముందు బ్రేకు వైరు వెయ్యమన్నాడు. మేస్త్రి మేకు మీది వైర్ల గుత్తిని దించి ఒక్కొక్కటే లాగి చూశాడు. ఏదీ కదల్లేదు, అన్నీ లోపల తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. కొత్తది తెచ్చి బిగించాడు. టీ తాగుతున్న ఇద్దరు రక్తం బళ్ళవాళ్ళు గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

"ఏంటన్నా, భయమేసిందా?" అన్నాడొకడు నవ్వుతూ.

"వేసింది," అన్నాడు మలుపన్న.

అతని నవ్వు సగంలో ఆగిపోయింది. మలుపన్న బండి తీశాడు. షెడ్డు వెనక తిన్నని రోడ్డు మీద, మలుపు అన్నదే లేని చోట, కొంచెం పోయి ముందు బ్రేకు నొక్కాడు. బండి ముక్కు వంగగానే ఒళ్ళంతా జలదరించి వదిలేశాడు. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ వదిలేశాడు. అన్ని మలుపుల్లోనూ తడవని చొక్కా ఆ తిన్నని రోడ్డు మీద వీపుకు అతుక్కుపోయింది.

వెనక హారన్ మోగింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్తున్న మరదలు పక్కకొచ్చి, స్కూటర్ వేగం తగ్గించి అతని కుడిచేతి వైపు చూసింది.

"గుంజకండి బావగారూ. ముందు మెల్లగా పట్టుకోండి, తర్వాత కొంచెం కొంచెంగా బిగించండి. రెండూ కలిపి."

"అలాగేనమ్మా," అన్నాడు.

ఆమె అతన్ని దాటి వెళ్ళిపోయింది. అతను ఆమె వెనకే, రెండు బ్రేకులూ కలిపి పడుతూ, వదులుతూ, ఇంటిదాకా వెళ్ళాడు.